తమ్ముడికి ఎంచిన రివాల్వర్

స్టిల్‌వెల్, ఓక్లహోమా
2013 నవంబర్ 9

ఒరేయ్ లాయిడూ,

ఫోటో అందింది. చేప బ్రహ్మాండంగా ఉంది. చేప సంగతి తర్వాత, ముందు ఇది చెప్పు. చొక్కా ఎందుకురా లోపలికి దోపుకున్నావు?

మీ బావ చూసి "ఎవరి పెళ్లికో బయల్దేరాడేమోలే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మరీ చూశాను. కుడి నడుము మీద ఏమీ లేదు. ఎడమ పక్కా లేదు. జేబు చదునుగా ఉంది. ఇన్నేళ్లూ నడుముకు పిస్తోలు పెట్టుకుని, అది కనపడకుండా చొక్కా బయటికి వదిలేసి తిరిగినవాడివి, నీ పెళ్లిలో కోటు కింద పిస్తోలు పెట్టుకొచ్చి పాస్టరు గారి చేత చీవాట్లు తిన్నవాడివి, ఇప్పుడు బోసి నడుముతో సరస్సు గట్టున నిలబడ్డావు. ఇక్కడ నేను ప్రతి బుధవారం సాయంత్రం ఊళ్లోవాళ్లను తుపాకీ క్లాసుకు కూర్చోబెట్టి "రోజూ ఒంటి మీద ఉండకపోతే అది మీకు లేనట్టే" అని గొంతు చించుకుంటుంటాను. నా సొంత తమ్ముడి వైభోగం ఇదీ.

క్లాసంటే గుర్తొచ్చింది. మొన్న ఒకావిడ వచ్చింది. మొగుడు కొనిచ్చాడట, అరచేతిలో ఇమిడిపోయే పిస్తోలు, గులాబీ రంగుది. "చిన్నదైతే ఆడవాళ్లకు సుళువు" అన్నాడట ఆ మహానుభావుడు. ఒక్కసారి పేల్చి పాపం చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. చిన్నది తేలిగ్గా ఉంటుంది, తేలికది గట్టిగా తంతుంది, తన్నేదాన్ని ఎవరూ సాధన చెయ్యరు, చివరికి సొరుగులో పడి ఉంటుంది. ఇంకొకళ్ల నడుముకు మనం పిస్తోలు ఎంచకూడదురా. ఎవరిది వాళ్లే చేతిలో పట్టుకుని చూసుకోవాలి. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

బావకు తుంటి ఆపరేషన్ అయ్యాక నడక ఇంకా రాలేదు. బాత్రూముకు వెళ్లాలన్నా నా భుజం కావాలి. లేకపోతే నేనే నీ దగ్గరికి వచ్చి ఆ చొక్కా బయటికి లాగేదాన్ని. మరదలు నడీన్ పోయాక నువ్వేం తింటున్నావో కూడా రాయవు. ఫోన్ చేస్తే వినపడదంటావు. చెవి మిషను పెట్టుకోమంటే వినవు. సరే, ఉత్తరాలే రాసుకుందాం. సంగతి ఏమిటో వెంటనే రాయి.

నీ మీద కోపంగా ఉన్న
వెర్నా అక్క

*

వార్సా, మిస్సోరీ
2013 నవంబర్ 23

అక్కా,

ఫోటో తీసింది నా స్నేహితుడు హాలిస్. చేప పట్టింది కూడా వాడే. దాన్ని పట్టుకుని నన్ను నిలబడమన్నాడు, నిలబడ్డాను.

పిస్తోలు వాడి దగ్గరే ఉంది. ఆకులు రాలే ముందు తీసుకెళ్లి ఇచ్చాను. ఇప్పుడు నా దగ్గర ఉండటం మంచిది కాదనిపించింది. వేటకు వాడే రైఫిళ్లు కూడా వాడి బీరువాలోనే పెట్టాడు. తాళం వాడి దగ్గరే ఉంటుంది. దీన్ని పెద్ద విషయం చెయ్యకు.

చేపల ఎరలమ్మే కొట్టు మూసేశాను. చలికాలం ఎలాగూ బేరాలు ఉండవు అనుకో, కానీ అందుకు కాదు. ఎరకు పెట్టే చేపపిల్లల తొట్టిలో నీళ్లు మార్చేది నడీన్. నేను మర్చిపోయాను. ఒక రోజు పొద్దున వెళ్లి చూస్తే అన్నీ తెల్లగా పైకి తేలి ఉన్నాయి. బకెట్టుతో ఎత్తి పారబోశాను. ఇంక తాళం వేసి వచ్చేశాను. ఆ తర్వాత తెరవబుద్ధి కాలేదు.

తిండికి లోటు లేదు. చర్చివాళ్లు గిన్నెలు గిన్నెలు తెచ్చి పెడుతున్నారు. ఖాళీ గిన్నెలు ఎవరివి ఎవరివో తెలియక వంటింట్లో పేర్చి పెట్టాను. నడీన్ ఉంటే ఎవరి గిన్నె వాళ్లకు చేర్చేది. పొద్దున పూటలు కష్టంగా ఉంటోందక్కా. సాయంత్రానికి కొంచెం నయం.

బావను అడిగానని చెప్పు.

లాయిడ్

*

స్టిల్‌వెల్
2013 డిసెంబర్ 2

ఒరేయ్ పిచ్చి సన్నాసీ,

ఇచ్చాను అంటే ఏమిటిరా? హాలిస్ అడిగాడా? నీ తుపాకులన్నీ బీరువాలో పెట్టుకుని తాళం జేబులో వేసుకున్నాడా? పెళ్లాం పోయిన మనిషి దుఃఖంలో ఉన్నాడు కదా అని ఇల్లు ఊడ్చుకుపోయే స్నేహితులను చాలామందిని చూశాను. మొదట తుపాకులు, తర్వాత పడవ, ఆ తర్వాత పడవ ఇంజను. నువ్వు మొహమాటస్థుడివి. అడిగితే ఒంటి మీది చొక్కా కూడా ఇచ్చేస్తావు. నేనే ఆ పెద్దమనిషికి నాలుగు ముక్కలు రాస్తాను.

లేదా అసలు సంగతి వేరేదా? "నా దగ్గర ఉండటం మంచిది కాదు" అన్నావు. వేళ్లు వాస్తున్నాయా? మన నాన్నకు కూడా ఈ వయసులోనే మొదలైంది. బరణి మూత తియ్యలేక అమ్మ మీద విసుక్కునేవాడు. పిస్తోలు పైభాగం వెనక్కి లాగడానికి బలం చాలడం లేదా? గురి తప్పుతోందా? చెప్పడానికి సిగ్గెందుకురా. నా క్లాసులో సగం మంది అలాంటివాళ్లే. పిస్తోలును మార్చుకోవాలి గానీ మానేస్తారా ఎవరైనా?

నీ ఊరి పక్క పెట్రోలు బంకులో ఎవడో కత్తి చూపించి గల్లాపెట్టె ఊడ్చుకుపోయాడని పేపర్లో చదివాను. నువ్వేమో సరస్సు పక్కన ఒంటరి ఇంట్లో, చెవులు వినపడకుండా ఉన్నావు. నాకు నిద్ర పట్టడం లేదు. నడీన్ ఉంటే కనీసం వాకిట్లో ఎవరొచ్చిందీ తను వినేది.

చర్చివాళ్ల గిన్నెల అడుగున పేరు రాసి ఉంటుంది. బోర్లించి చూడు. ఆ మాత్రం చెయ్యి.

నీ అక్క

*

వార్సా
2013 డిసెంబర్ 19

అక్కా,

హాలిస్ ఏమీ అడగలేదు. వాణ్ణి ఏమీ అనకు. నేనే తీసుకెళ్లి వాడి భోజనాల బల్ల మీద పెట్టాను. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కాఫీ పోశాడు. అంతే. వాడికి దయచేసి ఉత్తరం రాయకు.

వేళ్లు బాగానే ఉన్నాయి. గురి కూడా బాగానే ఉంది. నా మీద నాకే నమ్మకం కుదరడం లేదు, అదీ సంగతి. ఇంతకంటే ఎలా రాయాలో తెలియడం లేదు.

దొంగల గురించి బెంగ పెట్టుకోకు. వచ్చినవాడికి ఇక్కడ ఏం దొరుకుతుంది, ఖాళీ గిన్నెలు తప్ప. వస్తే వచ్చాడు. నాకు భయం లేదు. నిజం చెప్పాలంటే అలాంటి భయం ఏదీ లేకపోవడమే నాకు బాగా అనిపించడం లేదు.

క్రిస్మస్‌కు హాలిస్ వాళ్లు ఇంటికి రమ్మన్నారు. వెళ్తాననే అన్నాను. నువ్వు పంపిన కేకు వచ్చింది. నడీన్ పుట్టినరోజుకు కూడా ఇదే కేకు పంపేదానివి. ఒక ముక్క కోసి రెండో ముక్క కోయలేకపోయాను.

నీకూ బావకూ పండగ శుభాకాంక్షలు.

లాయిడ్

*

స్టిల్‌వెల్
2014 జనవరి 12

బంగారు తమ్ముడూ,

నమ్మకం కుదరడం లేదన్నావు చూశావా, అది చదివాక నాకు అంతా అర్థమైంది. సాధన తప్పింది, అంతే. నలభై దాటినవాళ్లు ఎవరైనా నాలుగు నెలలు పేల్చకపోతే అలాగే ఉంటుంది. దీనికి మందు నా దగ్గరుంది.

ఫిబ్రవరిలో నీ పుట్టినరోజు కదా. నీకొక రివాల్వర్ ఎంచాను! ఎంత తిరిగానో నీకు తెలియదు. పిస్తోలు వద్దనుకున్నాను, పైభాగం లాగే బాధ ఉండకూడదని. మరీ తేలికది వద్దనుకున్నాను, చెయ్యి నొప్పి పుట్టి మళ్లీ సొరుగులో పడేస్తావు. ఉక్కుది తీసుకున్నాను, కాస్త బరువుంటేనే తన్నదు. వెనకాల కొక్కెం లోపలే ఉంటుంది కాబట్టి జేబులోంచి తీసేటప్పుడు గుడ్డకు పట్టుకోదు. పిడికి రబ్బరు తొడుగు వేయించాను. ఫోటోలో నీ ప్యాంటు వదులైనట్టు కనిపించింది, బెల్టుకు తగిలిస్తే జారిపోతుందనుకుని జేబు ఒర కూడా కొన్నాను. మీ బావ ప్యాంటు వేసుకుని, కారులో కూర్చుని, సీటు బెల్టు పెట్టుకుని, ఆ జేబులోంచి తీసి చూశాను. పక్క కారులో ఆవిడ నన్ను చూసి ఏమనుకుందో ఏమో. నా జన్మలో ఎవరికీ ఇంత శ్రద్ధగా ఏదీ ఎంచలేదురా.

రాష్ట్రం దాటి పోస్టులో పంపకూడదు కాబట్టి ఇక్కడి కొట్టు నుంచి మీ ఊరి తుపాకుల కొట్టుకు పంపించాను. వాళ్లు ఫోన్ చేస్తారు. వెళ్లి కాగితాలు నింపి తెచ్చుకో.

మీ బావ ఒకటే సణుగుడు. "వాడు అడిగాడా? ఇంకొకళ్ల నడుముకు ఎంచకూడదని నువ్వే కదే చెబుతావు" అన్నాడు. "వాడు ఇంకొకడు కాదు, నేను ఎత్తుకుని తిప్పినవాడు" అన్నాను. నీ చేప ఫోటో మళ్లీ తీసి చూస్తూ కూర్చున్నాడు. తుంటి నొప్పి మనిషి, వదిలెయ్.

హాలిస్‌కు రాయనే రాశాను. ఏం రాశానో చెప్పనులే. జవాబు లేదు. గుమ్మడికాయ దొంగలా ఉన్నాడు.

ప్రేమతో
అక్క

*

వార్సా
2014 జనవరి 26

అక్కా,

కొట్టువాళ్లు ఫోన్ చేశారు. నేను వెళ్లలేదు. వెళ్లను కూడా.

దాన్ని వెనక్కి తెప్పించుకో. నీ మీద కోపం కాదు. నువ్వు ఎంచావంటే బాగానే ఉంటుంది. అందుకే వద్దంటున్నాను. దయచేసి ఇంకేమీ అడక్కు, తెప్పించుకో.

లాయిడ్

*

స్టిల్‌వెల్
2014 ఫిబ్రవరి 3

లాయిడ్‌కు,

నీ ఉత్తరం చదివి బావకు కనపడకుండా వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఇంత రాతిగుండె ఎప్పుడు వచ్చిందిరా నీకు? అక్క చేతి బహుమతి కొట్టులో పడి ఉందా? బావకు స్నానం చేయించి, మందులు వేసి, ఆ మిగిలిన సమయంలో నీ కోసం తిరిగాను.

నడీన్ పోయింది. నిజమే. నాకూ మరదలే, నాకూ దుఃఖం లేదా? కానీ పోయినవాళ్లతో పాటు మనం పోము కదా! నువ్వు ఇంట్లో కూర్చుని, కొట్టు మూసుకుని, నడుము బోసిగా పెట్టుకుని, ఎవడో వచ్చి తల మీద కొట్టేదాకా ఎదురు చూస్తానంటే నాకు సిగ్గుగా ఉంది. మన నాన్న కొడుకు ఇంత పిరికివాడని ఎప్పుడూ అనుకోలేదు. మగాడిలా లేచి, వెళ్లి నీ వస్తువు తెచ్చుకో. తేలేనంటే, నీకు అక్క లేదనుకో.

వెర్నా

*

వార్సా
2014 ఫిబ్రవరి 15

అక్కా,

వెళ్లాను. నీ మాట పడలేక వెళ్లాను.

కొట్టులో కుర్రాడు మంచివాడే. కాగితాలు ఇచ్చాడు. చాలా అడిగారు అందులో. జైలుకు వెళ్లావా, మత్తుమందులు వాడతావా, అన్నీ. ఎలా ఉన్నావు అని లేదు. అలా అడగరు, తెలుసు. సంతకం పెట్టాను. పెట్టె తెరిచి చేతిలో పెట్టాడు. అచ్చం నా చేతికే పోసినట్టు ఉంది. నా చెయ్యి నీకు ఎంత బాగా తెలుసో అప్పుడు అర్థమైంది. కుర్రాడు "ఎవరు ఎంచారండీ, భలే ఎంచారు" అన్నాడు. మా అక్క అన్నాను. పెట్టె మూసి ఇమ్మన్నాను.

పెట్టెను ట్రక్కులో పక్క సీటు మీద పెట్టాను. ఇంటికి తిరిగే మలుపు దగ్గర ఆగాను. ఇంటికి వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేరుగా హాలిస్ ఇంటికి పోనిచ్చాను. వాడు ఇంట్లో లేడు. వాళ్లావిడా లేదు. ట్రక్కు అక్కడే ఆపి రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చున్నాను. చేతులు అక్కడి నుంచి తియ్యకూడదు అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు. పక్క సీటు వైపు చూడలేదు. ఎంతసేపో తెలియదు. చలికి కాళ్లు మొద్దుబారాయి.

వాళ్లు సరుకులు తీసుకుని వచ్చారు. హాలిస్ సంచీ కింద పెట్టి, కిటికీలోంచి చూసి, తలుపు తీసి పెట్టె తీసుకున్నాడు. "మొక్కజొన్న రొట్టె, బీన్సు ఉన్నాయి. దిగు" అన్నాడు. దిగాను. వాళ్ల బల్ల దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. వాళ్లావిడ నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

అక్కా, నువ్వు ఎవడి నుంచో నన్ను కాపాడాలని చూస్తున్నావు. ఎవడూ లేడు. నేనే ఉన్నాను. ఆగస్టులో నడీన్ పోయినప్పటి నుంచి పొద్దున్నే లేచి బెల్టుకు పిస్తోలు తగిలించుకునేటప్పుడల్లా వేరే ఆలోచన వచ్చేది. ఒకరోజు ఆ ఆలోచన ఎంతకీ పోలేదు. భయపడిపోయి వాడి దగ్గరికి తీసుకెళ్లాను. ఇక్కడ మేం అలాగే చేస్తాం. ఎవరికైనా రోజులు బాగా లేనప్పుడు స్నేహితుడి ఇంట్లో పెడతాం. వాడు ఎందుకని అడగడు, మనిషి కుదురుకున్నాక తిరిగి ఇస్తాడు. హాలిస్ తమ్ముడి తుపాకులు ఒక చలికాలమంతా మా ఇంట్లో ఉన్నాయి. అవి ఎందుకు వచ్చాయో అప్పట్లో నడీన్‌కు కూడా పూర్తిగా చెప్పలేదు, ఇలాంటివి బయటికి చెప్పుకోం. అందుకే నీకు రాయలేకపోయాను. నాన్న కొడుకు పిరికివాడని నువ్వంటావనే భయం. నువ్వు అననే అన్నావు.

నువ్వు రాసిన ఉత్తరం హాలిస్ నాకు చూపించలేదు. ఈ రోజే వాళ్లావిడ నోరు జారింది. వాణ్ణి దొంగ అన్నావట. హాలిస్‌ను అడిగితే "మీ అక్క నిన్ను అంత ప్రేమిస్తోంది, దానికి నేనేం జవాబు రాస్తాను" అన్నాడు.

నేను ఇప్పుడు వాళ్లింట్లోనే ఉన్నాను. రేపు మా ఇంటికి వెళ్లాలి. వెళ్లాలని లేదు, ఎన్నాళ్లని ఉంటాను.

లాయిడ్

*

స్టిల్‌వెల్
2014 ఫిబ్రవరి 20

నా తండ్రీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదివి బావ చేతిలో పెట్టాను. ఆయన చదివి, సొరుగులోంచి ఆ చేప ఫోటో తీసి నా ముందు పెట్టాడు. "నువ్వు నడుము చూశావు. మొహం చూడు" అన్నాడు. చూశాను. నీ చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. కళ్లు నావైపు చూడటం లేదు. ఎవరో ముసలాయన నీ చొక్కా వేసుకున్నట్టు ఉన్నాడు. మూడు నెలలుగా ఫోటో మా ఇంట్లోనే ఉందిరా. "నీకు అప్పుడే తెలిసిందా?" అని బావను నిలదీశాను. "అనుమానం. చెబితే నువ్వు వినేలా లేవు" అన్నాడు. నిజమే, వినేదాన్ని కాదు.

ఏం చెయ్యాలో తెలియక సాయంత్రం క్లాసుకు వెళ్లాను. ఒకతను, ఈ మధ్యే భార్య పోయిందట, ఒక్కణ్ణే ఉంటున్నాను, రోజూ పెట్టుకోవడానికి ఏది మంచిదంటారు అని అడిగాడు. ఇన్నేళ్లుగా ఆ ప్రశ్నకు వెంటనే ఫలానాది అని చెప్పేదాన్ని. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని "ముందు మీరు ఎలా ఉన్నారో చెప్పండి" అన్నాను. అతను చాలాసేపు మాట్లాడాడు. మిగతావాళ్లను ఇంటికి పంపేశాను.

హాలిస్‌కు ఫోన్ చేశాను. క్షమించమని అడగబోయాను. "తెలుసులెండి అక్కగారూ" అన్నాడాయన. నేను వచ్చేదాకా నీ సోఫా మీద పడుకుంటానన్నాడు. నువ్వు తన్నినా పోడట. ఆ రివాల్వర్ ఇక్కడికి వద్దన్నాను, మిగతావాటితో పాటే తాళం వేసి ఉంచమన్నాను.

నిన్ను పిరికివాడన్నాను. ఆ మాట నేను వెనక్కి తీసుకుంటే పోయేది కాదు, తెలుసు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నావే, అంత ధైర్యం నాకు లేదురా. నా చేతులతో ఏరి కోరి, పిడికి రబ్బరు వేయించి మరీ నీకు ఏం పంపానో ఇప్పుడు తెలిసిందిరా.

రేపు బావను ఆసుపత్రిలో చూపించాలి. అదొక్కటీ లేకపోతే ఈపాటికి దారిలో ఉండేదాన్ని. "నేను గోడ పట్టుకుని నడుస్తాను, నువ్వు పోవే" అని తిడుతున్నాడు. శనివారం పొద్దున్నే బయలుదేరతాను. ఈ ఉత్తరం రేపటికల్లా చేరుతుందని పోస్టాఫీసు ఆవిడ చెప్పింది.

నా పిస్తోలు బావ దగ్గర వదిలేసి వస్తున్నాను. అది లేకుండా ఊరి పొలిమేర దాటి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. పొద్దున బెల్టు నుంచి తీశాను, అప్పటి నుంచి చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతోంది. భయంగానే ఉంది. ఉండనీ. నీ ఇంట్లోకి అలాంటిది ఏదీ నా వెంట రాదు.

నాకు మాట ఇవ్వమని అడగను. డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం, నీ పక్కనే కూర్చుంటాను. నడీన్ గురించి ఎంత చెప్పినా వింటాను, చెప్పకపోయినా ఉంటాను. చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. నీకు వినపడేదాకా తలుపు కొడుతూనే ఉంటాను. వచ్చి తియ్యరా.

అక్క